ఢిల్లీ మెట్రోలో ప్రయాణం: తెలుగు రాష్ట్రాల సందర్శకులకు మార్గదర్శిక

చికిత్స కోసం ఎయిమ్స్‌కు వెళ్ళే రోగులు, సివిల్ సర్వీసుల ఇంటర్వ్యూకు హాజరయ్యే అభ్యర్థులు, కేంద్ర మంత్రిత్వ శాఖలలో పనులున్న అధికారులు, పార్లమెంటు సమావేశాల వార్తలు సేకరించే పాత్రికేయులు - ఇలా తెలుగు రాష్ట్రాల నుండి దేశ రాజధానికి నిత్యం ఎందరో వెళ్ళివస్తుంటారు. వీరిలో పలువురికి హిందీ అంతంతమాత్రంగానే తెలుసు. ఆటోవాలాతో బేరమాడే అవసరం లేకుండా, నిర్ణీత ధరకు, దాదాపు నిర్ణీత సమయానికి గమ్యం చేర్చే సాధనం వీరికి మెట్రో రైలు ఒక్కటే. అయితే మెట్రోలో కొత్తవారికి కలిగే నష్టం సాధారణంగా టికెట్టు ధర వల్ల కాదు. ఎక్కవలసిన దిశ, మారవలసిన స్టేషన్, దిగిన తరువాత బయటకు రావలసిన ద్వారం ముందుగా తెలుసుకోకపోవడం వల్లనే వారి కాలం వృథా అవుతున్నది. ఆసుపత్రిలో పేరు పిలిచే వేళకు, పరీక్షా కేంద్రం తలుపులు మూసే వేళకు చేరుకోలేకపోతే కలిగే నష్టాన్ని రూపాయలలో లెక్కించలేము.

ఢిల్లీ మెట్రో తొలి మార్గాన్ని షాహ్‌దరా - తీస్ హజారీల మధ్య 2002 డిసెంబర్ 24న నాటి ప్రధానమంత్రి శ్రీ అటల్ బిహారీ వాజ్‌పేయి ప్రారంభించారు. ఆ నిర్మాణానికి సారథ్యం వహించిన శ్రీ ఇ. శ్రీధరన్ కాకినాడ ప్రభుత్వ ఇంజనీరింగ్ కళాశాల పూర్వ విద్యార్థి కావడం తెలుగువారికి సంతోషం కలిగించే విషయం. నేడు నోయిడా, గురుగ్రామ్ మార్గాలతో కలిపి ఈ వ్యవస్థ 390 కిలోమీటర్లకు పైబడి విస్తరించింది. స్టేషన్ల సంఖ్య 280 దాటింది. నగరం నడిబొడ్డున రైలు ఎక్కువగా భూగర్భంలోను, శివార్లలో స్తంభాలపైన నడుస్తుంది. ఢిల్లీ వీధులలో "సబ్‌వే" అని కనిపించే బోర్డు రోడ్డు దాటేందుకు వేసిన పాదచారుల సొరంగాన్ని సూచిస్తుందే కాని మెట్రోను కాదని గమనించాలి.

ఛార్జీల విధానం

ఛార్జీ ప్రయాణించిన దూరాన్ని బట్టి ఉంటుంది. 2017 అక్టోబర్ నుండి అమలులో ఉన్న 10 - 60 రూపాయల శ్రేణిని 2025 ఆగస్టు 25న సవరించారు. దీని ప్రకారం 2 కిలోమీటర్ల వరకు 11 రూపాయలు, 5 కిలోమీటర్ల వరకు 21, 12 కిలోమీటర్ల వరకు 32, 21 కిలోమీటర్ల వరకు 43, 32 కిలోమీటర్ల వరకు 54, ఆపైన ఎంత దూరమైనా 64 రూపాయలు. ఆదివారాలు, జాతీయ సెలవు దినాలలో 2 కిలోమీటర్లు మించిన ప్రయాణాలకు ఒక మెట్టు తక్కువగా వసూలు చేస్తారు. అనగా పనిదినాలలో 32 రూపాయలయ్యే దూరానికి ఆదివారం 21 రూపాయలే చెల్లించాలి. విమానాశ్రయ ఎక్స్‌ప్రెస్ మార్గానికి ఛార్జీలు వేరు. ఢిల్లీ మెట్రో ఛార్జీలను రాష్ట్ర ప్రభుత్వం గాని, మెట్రో సంస్థ గాని తమంతట తామే నిర్ణయించవు. 2002 నాటి మెట్రో రైల్వేల నిర్వహణ చట్టం కింద ఏర్పడే ఛార్జీల నిర్ణయ సంఘం సిఫార్సు మేరకే మార్పులు జరుగుతాయి. వార్తలు రాసేటప్పుడు పాత్రికేయులు ఈ భేదాన్ని గుర్తుంచుకోవడం మంచిది.

మూడడుగుల లోపు ఎత్తు గల పిల్లలకు పెద్దల వెంట ప్రయాణం ఉచితం. వయోవృద్ధులకు, విద్యార్థులకు టికెట్టులో రాయితీ లేదు. తెలంగాణలో 2023 డిసెంబర్ నుండి, ఆంధ్రప్రదేశ్‌లో 2025 ఆగస్టు నుండి ఆర్టీసీ బస్సులలో ఉచిత ప్రయాణానికి అలవాటుపడిన మహిళలు మెట్రోలో అటువంటి సదుపాయం లేదని తెలుసుకోవాలి.

స్మార్ట్ కార్డు వాడేవారికి ప్రతి ప్రయాణంపై 10 శాతం తగ్గింపు లభిస్తుంది. రద్దీ లేని వేళలలో, అనగా ఉదయం 8 గంటల లోపు, మధ్యాహ్నం 12 నుండి 5 వరకు, రాత్రి 9 తరువాత మరో 10 శాతం తగ్గుతుంది. 43 రూపాయల ప్రయాణం ఆ వేళలలో 34 రూపాయల చిల్లరకు వస్తుంది. ఒకటి రెండు ప్రయాణాలకే పరిమితమయ్యేవారికి కార్డు అనవసరం. పాత ప్లాస్టిక్ టోకెన్ల స్థానంలో 2023 మే నుండి క్యూఆర్ కోడ్ ముద్రించిన కాగితపు టికెట్లు ప్రవేశపెట్టారు. సెల్‌ఫోన్‌లో మెట్రో సంస్థ యాప్ ద్వారా గాని, వాట్సాప్ ద్వారా గాని టికెట్టు తీసుకుంటే వరుసలో నిలబడే శ్రమ తప్పుతుంది. కాగితపు టికెట్టును నలపకుండా గమ్యం చేరేవరకు భద్రపరచుకోవాలి, బయటకు వచ్చేటప్పుడు గేటు దానినే అడుగుతుంది. కుటుంబంలో ఒక్కొక్కరికి ఒక్కొక్క కార్డు ఉండాలి. ఒకే కార్డుపై ఇద్దరు వెళ్ళడం కుదరదు. హైదరాబాద్ మెట్రో స్మార్ట్ కార్డు ఢిల్లీలో చెల్లదు.

రైలు దిగిన చోటు నుండి

తెలంగాణ ఎక్స్‌ప్రెస్, విశాఖపట్నం నుండి వచ్చే ఏపీ ఎక్స్‌ప్రెస్ న్యూఢిల్లీ స్టేషన్‌కు చేరుకుంటాయి. ఇక్కడ మెట్రో స్టేషన్ అజ్మేరీ గేట్ వైపు ఉన్నది. ఒకటో నంబరు ప్లాట్‌ఫారం గల పహాడ్‌గంజ్ వైపు బయటకు వెళ్ళినవారు సామానుతో తిరిగి వంతెన ఎక్కి దిగవలసి వస్తుంది. పహాడ్‌గంజ్ వైపు బయటపడిన కొత్తవారిని ముందుగా పలకరించేది ఆటోలవారు, హోటళ్ళ మధ్యవర్తులే కనుక ఆ వంతెన ఎక్కడమే మేలు. సికింద్రాబాద్ రాజధాని, దక్షిణ్ ఎక్స్‌ప్రెస్ వంటివి హజ్రత్ నిజాముద్దీన్‌కు వెళతాయి. అక్కడి మెట్రో స్టేషన్ పింక్ లైనుపై ఉన్నది.

ఎయిమ్స్‌కు వెళ్ళేవారికి న్యూఢిల్లీ నుండి మార్గం సులభం. ఎల్లో లైనులో గురుగ్రామ్ వైపు వెళ్ళే రైలు ఎక్కితే ఎక్కడా మారనవసరం లేకుండా ఎనిమిదవ స్టేషన్ ఎయిమ్స్. దీనికి ముందు స్టేషన్ ఐ.ఎన్.ఏ. కావడం మంచి గుర్తు. నిజాముద్దీన్‌లో దిగినవారు పింక్ లైనులో లజ్‌పత్ నగర్ వైపు వెళ్ళి, ఐదవ స్టేషన్ ఐ.ఎన్.ఏ.లో ఎల్లో లైనుకు మారితే తరువాతి స్టేషన్ ఎయిమ్స్. ఇక్కడ రోడ్డుకు ఒక వైపు ఎయిమ్స్, ఎదురుగా సఫ్దర్‌జంగ్ ఆసుపత్రి ఉంటాయి. ఏ ఆసుపత్రికి ఏ ద్వారమో లోపలి పట్టికలో చూసుకొని పైకి రావాలి, లేకుంటే రద్దీ రహదారిని దాటవలసి వస్తుంది. ఎయిమ్స్‌కు చెందిన రాజ్‌కుమారి అమృత్ కౌర్ అవుట్ పేషెంట్ భవనం మస్జిద్ మోఠ్ ప్రాంగణంలో ఉన్నదని కూడా తెలుసుకోవాలి. ప్రధాన ప్రాంగణం చేరిన తరువాత అక్కడికి మళ్ళీ కొంత దూరం ఉంటుంది. రోగి చీటీపై ఏ భవనం రాసి ఉన్నదో ముందురోజే చదివించుకోవడం అవసరం.

విమానంలో వచ్చేవారు తమ టికెట్టుపై టెర్మినల్ సంఖ్య చూసుకోవాలి. మూడవ టెర్మినల్‌కు, రెండవ టెర్మినల్‌కు విమానాశ్రయ ఎక్స్‌ప్రెస్ మార్గం ఉన్నది. న్యూఢిల్లీ స్టేషన్ నుండి 20 నిమిషాల లోపు ప్రయాణం. ఒకటవ టెర్మినల్‌కు మాత్రం మెజెంటా లైనుపై వేరే స్టేషన్ ఉన్నది. ఈ రెండు మార్గాలు ఒకదానితో ఒకటి నేరుగా కలవవు. తిరుగు ప్రయాణంలో పొరపాటున వేరొక టెర్మినల్‌కు చేరినవారికి విమానం తప్పిపోయే ప్రమాదమున్నది.

ఎక్స్‌ప్రెస్ మార్గంలోని ధౌలాకువాఁ వద్ద దిగి పొడవైన పాదచారుల వంతెన మీదుగా పింక్ లైను చేరవచ్చు. అక్కడి స్టేషన్ పేరు దుర్గాబాయి దేశ్‌ముఖ్ సౌత్ క్యాంపస్. రాజమహేంద్రవరంలో జన్మించి, ఆంధ్ర మహిళా సభను స్థాపించి, రాజ్యాంగ సభ సభ్యురాలిగా సేవలందించిన ఆ తెలుగు మహనీయురాలి పేరు రాజధాని పటంలో చోటుచేసుకోవడం విశేషం. ఐ.ఎన్.ఏ. వైపు తరువాతి స్టేషన్‌కు సర్ మోక్షగుండం విశ్వేశ్వరయ్య పేరు ఉన్నది. 1908 మూసీ వరదల అనంతరం హైదరాబాద్‌కు వరద రక్షణ పథకం రూపొందించినది ఆయనే. విమానాశ్రయం నుండి ఎయిమ్స్‌కు ఇది చౌక మార్గమే. కాని నడవలేని రోగితో వచ్చినవారు ఆ వంతెనను ఆశ్రయించక, ప్రీపెయిడ్ టాక్సీలో వెళ్ళడమే శ్రేయస్కరం.

దిశ, మార్పు, పేర్లు

ప్లాట్‌ఫారంపై బోర్డులు రైలు చివరి స్టేషన్ పేరును మాత్రమే చూపుతాయి. కనుక తాము దిగే స్టేషన్‌తోపాటు ఆ దిశలోని చివరి స్టేషన్ పేరు కూడా రాసి ఉంచుకోవాలి. బ్లూ లైను తూర్పున యమునా బ్యాంక్ వద్ద రెండుగా చీలుతుంది. ఒక శాఖ వైశాలికి, మరొకటి నోయిడాకు పోతుంది. అక్షరధామ్ ఆలయానికి వెళ్ళేవారు నోయిడా రైలే ఎక్కాలి. వైశాలి రైలు ఎక్కినవారు యమునా బ్యాంక్‌లో దిగి మారవచ్చు, అదనపు ఛార్జీ ఉండదు. రాజీవ్ చౌక్, కశ్మీరీ గేట్ వంటి పెద్ద కూడళ్ళలో నేలపై అతికించిన రంగు పాదముద్రలను అనుసరిస్తే ఎవరినీ అడగనవసరం లేదు. ప్రకటనలు హిందీ, ఇంగ్లీషులలోనే ఉంటాయి.

స్టేషన్ల పేర్లు మారడం మరో చిక్కు. ఊరివారు కన్నాట్ ప్లేస్ అనే చోటు మెట్రో పటంలో రాజీవ్ చౌక్. పూర్వపు రేస్ కోర్స్ 2016లో లోక్ కళ్యాణ్ మార్గ్ అయినది. గురుగ్రామ్‌లోని హుడా సిటీ సెంటర్ 2023లో మిలీనియం సిటీ సెంటర్‌గా మారినది. ప్రగతి మైదాన్ స్టేషన్‌ను ఇప్పుడు సుప్రీం కోర్టు అంటున్నారు. ఐదారేళ్ళ క్రితం ముద్రించిన పటం వెంట ఉంటే దానిని నమ్మి బయలుదేరరాదు.

నోయిడా నుండి గ్రేటర్ నోయిడాకు పోయే ఆక్వా లైను, మీరట్ వైపు నడిచే నమో భారత్ రైళ్ళు వేరు సంస్థలవి, వాటికి టికెట్టు వేరుగా తీసుకోవాలి.

తనిఖీ, సామాను, వేళలు

ప్రతి స్టేషన్‌లోను కేంద్ర పారిశ్రామిక భద్రతా దళం తనిఖీ ఉంటుంది. ఉదయం, సాయంత్రం రద్దీలో దీనికే చాలా సమయం పట్టవచ్చు కనుక ముఖ్యమైన పని ఉన్న రోజున అందుకు తగిన వ్యవధి కలుపుకోవాలి. ఒక్కొక్కరు 25 కిలోల వరకు బరువున్న ఒక సంచి తీసుకువెళ్ళవచ్చు. ఊరి నుండి పచ్చడి జాడీలు, బియ్యం మూటలతో బయలుదేరే కుటుంబాలకు ఈ నిబంధన ముందే తెలియడం మంచిది. రైలు సాగే దిశలో మొదటి పెట్టె 2010 అక్టోబర్ నుండి మహిళలకు ప్రత్యేకం. తెలియక ఎక్కిన పురుషులకు జరిమానా తప్పదు. టికెట్టు తీసుకొని లోపల ఎంతసేపైనా ఉండవచ్చుననే అభిప్రాయం సరికాదు. కాలపరిమితి దాటితే గేటు వద్ద అదనపు రుసుము చెల్లించాలి.

రైళ్ళు సాధారణంగా తెల్లవారుజామున మొదలై రాత్రి 11 గంటల ప్రాంతం వరకు నడుస్తాయి. ఆదివారాలలో కొన్ని మార్గాలు ఆలస్యంగా ప్రారంభమవుతాయి. పోటీ పరీక్షలు ఎక్కువగా ఆదివారమే జరుగుతాయి కనుక అభ్యర్థులకు ఇది కీలకం. యూపీఎస్సీ ప్రిలిమ్స్ వంటి ప్రధాన పరీక్షల రోజున ముందుగా నడుపుతున్నట్లు సంస్థ ప్రకటిస్తుంది, అయితే ప్రతి పరీక్షకూ అట్లు జరుగుతుందని భావించరాదు. గణతంత్ర, స్వాతంత్ర్య దినోత్సవాల వేళ, పెద్ద ప్రదర్శనల సందర్భంలో మధ్య ఢిల్లీలోని కొన్ని స్టేషన్ల ద్వారాలు మూసివేస్తారు. జంతర్ మంతర్ ధర్నాలకు వెళ్ళే ప్రతినిధి బృందాలు పటేల్ చౌక్, జన్‌పథ్ స్టేషన్లు రెండింటినీ దృష్టిలో ఉంచుకోవాలి.

అశోకా రోడ్డులోని ఆంధ్రప్రదేశ్, తెలంగాణ భవన్‌లకు మెట్రో నేరుగా లేదు. మండీ హౌస్‌లో దిగి ఆటోలో వెళ్ళవచ్చు. పార్లమెంటు, శాస్త్రి భవన్, ప్రెస్ క్లబ్‌లకు సెంట్రల్ సెక్రటేరియట్ స్టేషన్, షాజహాన్ రోడ్డులోని యూపీఎస్సీ కార్యాలయానికి ఖాన్ మార్కెట్ స్టేషన్ ఉపకరిస్తాయి. ముఖర్జీ నగర్ శిక్షణ కేంద్రాలకు గురు తేగ్ బహదూర్ నగర్‌లో, గోల్ మార్కెట్‌లోని తిరుమల తిరుపతి దేవస్థానం వారి శ్రీ వేంకటేశ్వరస్వామి ఆలయానికి రామకృష్ణ ఆశ్రమ్ మార్గ్‌లో దిగాలి.

ప్రయాణ సమాచారం, పోగొట్టుకున్న వస్తువుల విషయమై మెట్రో సహాయ కేంద్రాన్ని 155370 నంబరులోను, భద్రతకు సంబంధించిన ఫిర్యాదులకు కేంద్ర పారిశ్రామిక భద్రతా దళాన్ని 155655 నంబరులోను సంప్రదించవచ్చు.