ఊరి వాకిట విశ్వవిద్యాలయము

విశ్వవిద్యాలయము అనగానే మన కన్నుల యెదుట ఒక పెద్ద ద్వారము, దాని వెనుక విశాలమైన ఆవరణము, చెట్ల నీడలు, వసతి గృహములు నిలుచును. ఆ ద్వారము దాటినవాడు విద్యార్థి; దాటలేనివాడు బయటివాడు. అయితే హైదరాబాదు నగరములో, జూబిలీ హిల్సు కొండరాళ్ళ మీద, దుర్గము చెరువుకు చేరువలో ఒక విశ్వవిద్యాలయము ఉన్నది. దాని విద్యార్థులలో పలువురు ఆ ఆవరణమును ఒక్కమారైనను చూచి యుండరు. చూడకయే పట్టభద్రులైనవారు పెక్కుమంది. అదియే డాక్టరు బి. ఆర్. అంబేద్కర్ సార్వత్రిక విశ్వవిద్యాలయము. దాని చరిత్ర నిజమునకు హైదరాబాదు చరిత్ర కాదు. మన చిన్న పట్టణముల చరిత్ర.

చదువు మనిషిని వెదకికొని పోవలెనన్న భావము మనకు మాత్రమే కలిగినది కాదు. అమెరికాలో ఇలినాయి రాష్ట్రమందలి జోలియెట్ పట్టణమున 1901లో ఒక రెండేండ్ల కళాశాల ప్రారంభమైనది. ఇల్లు విడిచి దూరపు విశ్వవిద్యాలయమునకు పోలేని యువకులు సొంత ఊరిలోనే ఉన్నత విద్యకు తొలి మెట్లు ఎక్కుటకు అది ఆధారమైనది. 1947లో అధ్యక్షుడు ట్రూమన్ నియమించిన సంఘము ఇట్టి కళాశాలలు దేశమంతట ఉండవలెనని సిఫారసు చేయగా, కమ్యూనిటీ కాలేజీ అను పేరు వ్యాపించినది. ఇంగ్లండులో మరియొక మార్గము తొక్కినారు. 1969లో రాజశాసనము పొంది, 1971లో విద్యార్థులను చేర్చుకొన్న ఓపెన్ యూనివర్సిటీ, పాఠములను తపాలా ద్వారాను, రేడియో, టెలివిజనుల ద్వారాను ఇంటికే పంపినది. ఒక దేశము కళాశాలను ఊరికి తెచ్చినది. మరియొక దేశము పాఠమును ఇంటికి తెచ్చినది. తెలుగునాట ఈ రెండును కలిసినవి.

మన దేశములో ఢిల్లీ విశ్వవిద్యాలయము 1962లోనే తపాలా పాఠములను మొదలుపెట్టినది. ఉద్యోగస్థులకు అది మేలు చేసినది. కాని తపాలా పాఠము కూడ ఒక ప్రశ్న అడిగెడిది: కింది పరీక్ష ప్యాసైనట్లు పత్రము ఉన్నదా? తండ్రి పోయినందున ఎనిమిదవ తరగతిలో బడి మానినవాడు, పెండ్లితో చదువు ఆగిన ఆడపడుచు, ఈ ప్రశ్నకు ఏమని జవాబు చెప్పగలరు? బుద్ధి ఉన్నది, కోరిక ఉన్నది, పత్రము లేదు.

ఆ ప్రశ్నను మార్చిన సంవత్సరము 1982. భవనము వెంకట్రామ్ ముఖ్యమంత్రిగా ఉండగా ఆంధ్రప్రదేశ్ శాసనసభ చేసిన చట్టము వలన, ఆ యేడు ఆగస్టు 26న ఆంధ్రప్రదేశ్ సార్వత్రిక విశ్వవిద్యాలయము వెలసినది. భారతదేశములో సార్వత్రిక విశ్వవిద్యాలయములలో ఇదియే మొదటిది. మొదటి ఉపాధ్యక్షులు ఆచార్య జి. రామిరెడ్డి. కరీంనగరు జిల్లా పల్లెలో పుట్టి, ఉస్మానియా విశ్వవిద్యాలయమునకు ఉపాధ్యక్షులైన రాజనీతి శాస్త్రజ్ఞులు. పంచాయతీ రాజ్యము వారి పరిశోధనా విషయము. పాలనను ఊరికి దించుట యెట్లని యోచించిన మనిషి, విద్యను ఊరికి దించు పనికి పూనుకొన్నారు.

వారు అనుసరించిన పద్ధతి చాల సులువైనది. కొత్త భవనములు కట్టలేదు. పట్టణములలో అప్పటికే ఉన్న కళాశాలలలో అధ్యయన కేంద్రములు తెరచినారు. వారమంతయు ఆ గదులు ఆ కళాశాలవి. ఆదివారము నాడు అవియే సార్వత్రిక విద్యార్థులవి. అవే బల్లలు, అదే నల్లబల్ల. చుట్టుపట్ల కళాశాలల అధ్యాపకులే వచ్చి సందేహములు తీర్తురు. పాఠ్యపుస్తకములు తెలుగులో వ్రాయించినారు. ఒంటరిగా దీపము ముందు కూర్చుండి చదువువానితో మాటలాడుచున్నట్లు, ప్రతి పాఠము మొదట దాని లక్ష్యమును చెప్పి, నడుమ నడుమ ప్రశ్నలు వేసి, తుదకు జవాబులు చూపు పుస్తకములవి. పత్రము లేనివారికి అర్హత పరీక్ష ఒకటి పెట్టినారు. అందులో నెగ్గిన పక్షమున, అంతకు ముందు ఏ తరగతిలో బడి మానినను, డిగ్రీలో చేరవచ్చును.

పుస్తకమునకు తోడుగా ఆకాశవాణి, దూరదర్శనములు పాఠములను ప్రసారము చేసినవి. మా వృత్తిలోని వారికి ఆ పాఠములు ఒక పరీక్ష. నేను ఉద్యోగములో చేరిన కొత్తలో ఒక వృద్ధ అధ్యాపకులు పాఠము చెప్పుటకు స్టూడియోకు వచ్చినారు. ఎఱ్ఱదీపము వెలిగినది, వారు నోరు విప్పలేదు. ఏమండీ అని అడుగగా, “ఎదుట ఎవరును లేరు నాయనా, ఎవరికి చెప్పను?” అన్నారు. మా అటెండరును పిలిచి ఎదుట కూర్చుండబెట్టినాము. అతడు చదువు మధ్యలో మానినవాడే. ఆయన అతని ముఖము చూచుచు, అతనికి అర్థమగువరకు చెప్పినారు. నేను విన్న చరిత్ర పాఠములలో అది మేలైనది.

ఈ విద్యాలయమునకు వచ్చినవారు ఎవరు? గుమాస్తాలు, పోలీసు జవానులు, బస్సు కండక్టర్లు, పిల్లలను బడికి పంపి తాము పుస్తకము పట్టిన తల్లులు. చర్లపల్లి కారాగారములో శిక్ష అనుభవించుచు పట్టము పుచ్చుకొన్నవారును కలరు. 1991లో, అంబేద్కరు శతజయంతి సంవత్సరమున, విశ్వవిద్యాలయమునకు ఆ మహనీయుని పేరు పెట్టినారు. చదువునకై ఆయన పడిన పాట్లు తెలిసినవారికి ఆ పేరు తగినదని వేరుగ చెప్పనక్కరలేదు. రామిరెడ్డిగారు 1985లో ఇందిరాగాంధీ జాతీయ సార్వత్రిక విశ్వవిద్యాలయమునకు తొలి ఉపాధ్యక్షులై ఈ పద్ధతిని దేశమంతటికి అందించినారు. తరువాత విశ్వవిద్యాలయ నిధుల సంఘమునకు అధ్యక్షులై, 1995లో కీర్తిశేషులైనారు. జూబిలీ హిల్సులో విశ్వవిద్యాలయమున్న దారి నేడు వారి పేర పిలువబడుచున్నది.

ఇంతలో ఆ కొండల పడమట వేరొక నగరము లేచినది. 1974లో ఏర్పడిన కేంద్ర విశ్వవిద్యాలయము గచ్చిబౌలి దిక్కునకు వచ్చినప్పుడు అదంతయు రాళ్ళు, తుప్పలు. 1998లో ఉర్దూ విశ్వవిద్యాలయమును, సమాచార సాంకేతిక విద్యాసంస్థయు ఏర్పడినవి. ఆ నవంబరులోనే మాదాపూరున సైబర్ టవర్స్ ప్రారంభోత్సవము జరిగినది. హైటెక్ సిటీ, సైబరాబాదు అను మాటలు పల్లెపల్లెకు తెలిసినవి. 2020లో దుర్గము చెరువు మీద తీగల వంతెన తెరచినారు. దానికి ఈవల సార్వత్రిక విశ్వవిద్యాలయము, ఆవల అద్దాల మేడలు. ఆ మేడలలో కొలువునకు మొదట అడుగునది డిగ్రీ. అదే మేడ వాకిట కావలి కాయువాడు, కారు నడుపువాడు, వంటశాలలో పళ్ళెములు కడుగు అమ్మ కూడ ఆ మాట వినుచునే యుందురు. వారికి వంతెన ఏది? ఆదివారపు తరగతి గదియే.

అయితే తలుపు తెరచినంత మాత్రమున పని ముగియదు. దూరవిద్యలో చేరుట సులభము, ముగించుట కష్టము. నడుమ జారిపోవువారు ఏ దేశమునందైనను మెండు. తెలివి చాలక కాదు, తోడు లేక. పగలంతయు పనిచేసి రాత్రి పుస్తకము విప్పినవానికి ఒక వాక్యము అర్థము కాకున్న, అడుగుటకు మనిషి కావలెను. ఆదివారము బస్సెక్కి కేంద్రమునకు పోగా గురువు రాకున్న, మరుసటి ఆదివారము అతడును రాడు. డిగ్రీ ప్రవేశమునకు ఇంటర్మీడియేట్ గాని, తత్సమానమైన చదువు గాని ఉండవలెనన్న పట్టుదల ఇటీవల పెరిగినది. బడి మానినవారు సార్వత్రిక పాఠశాల మెట్లెక్కి రావలసియున్నది. దారి మూసుకొనలేదు గాని పొడవైనది. దారి పొడవైనకొలది తోడు మరింత అవసరము.

నేడు పాఠములు చేతిలోని ఫోనునకే వచ్చుచున్నవి. మంచిదే. పాఠము వచ్చినది గదా, ఇక ఊరిలో గది యెందుకని అనువారును ఉందురు. రేడియోలో పనిచేయు నేను ఈ మాట చెప్పుట వింతగా తోచవచ్చును గాని, గాలిలో వచ్చు గొంతు గురువునకు సహాయమే, గురువు కాదు. ఆ వృద్ధ అధ్యాపకులకు ఎదుట ఒక ముఖము కావలసినట్లే, విద్యార్థికిని ఒక ముఖము కావలెను.

మీ ఊరి కళాశాలలో ఆదివారము నాడు ఒక గది తలుపు తెరచియుండుట చూచినచో, ఒక్క క్షణము ఆగి లోపలికి చూడుడు. నడివయస్సు చేతులు కలము పట్టి వ్రాయుచుండును. ఆ విశ్వవిద్యాలయము అసలు ఆవరణము అదియే. మీ యింట చదువు ఆగినవారు ఎవరైన ఉన్నచో, ఆ గది జాడ వారికి చెప్పుడు.