దిద్దరాని గీత

వాహనచిత్రణమనగానే నాకు శ్రీకాళహస్తి కలంకారీ రథాలే స్ఫురిస్తాయి. వృత్తలేఖిని లేకుండా చింతపుల్లల బొగ్గుతో వేసిన చక్రాన్ని దులిపి మళ్ళీ వేయవచ్చు. కరక్కాయ, పాలు పట్టించిన ఆ వస్త్రంపైనే వెదురుకలంతో బెల్లం, ఇనుము ఊరిన రసం తాకించామా, గీత నల్లబడి నిలిచిపోతుంది.

క్షీణిస్తున్న ఈ విద్యను నిలపడానికి 1950వ దశకంలో కమలాదేవి చటోపాధ్యాయ చొరవతో అక్కడ శిక్షణకేంద్రం వెలసింది. జొన్నలగడ్డ లక్ష్మయ్యగారు బోధించారు. ఆయన కుమారులు గురప్పశెట్టిగారు 2008లో పద్మశ్రీ పొందారు.

పదవీవిరమణానంతరం నేనూ ఆ ఊళ్ళో ఒక చిత్రకారుని చెంత కలం పట్టాను. బొగ్గుతో గుండ్రంగా కుదిరిన రథచక్రం కలంతో వంకరపోయింది. ముప్ఫయ్యేళ్ళు పిల్లల రాతలను ఎర్రసిరాతో దిద్దినవాణ్ణి. దిద్దుబాటుకు తావులేని గీత ముందు నా చేయి వణికింది. నా ఎదుట ఆ పిల్లల చేతులెందుకు వణికేవో అప్పుడు బోధపడింది.