లెక్క చెప్పే జాతర

శ్రావణ పౌర్ణమి మరునాడు కాఠ్మండూ పాతబస్తీకి వెళితే, ఆవు బొమ్మ ఉన్న తలపాగా, దిద్దిన మీసాలతో ఊరేగే పిల్లలను మీరు చూస్తారు. దారి పొడవునా జనం వారికి పాలు, పండ్లు ఇస్తారు. ఇది నేపాల్‌లోని గాయీ జాత్రా. నేవార్ల భాషలో 'సా పారు', అంటే ఆవు పాడ్యమి.

చూడటానికి వేడుకే. కానీ ఒక్కొక్క పిల్లవాడూ గడచిన ఏడాదిలో తన ఇంట మరణించిన వారి గుర్తుగా నడుస్తున్నాడు. మృతులను వైతరణి దాటించేది ఆవేనని నమ్మకం.

1641 నుంచి 1674 వరకు పాలించిన ప్రతాప మల్లుడు, కొడుకు పోయిన దుఃఖంలో ఉన్న రాణికి ఈ ఊరేగింపు చూపించి, ఆమెను నవ్వించమని ప్రజలను కోరాడంటారు. ఇది జనశ్రుతి. ఆ కొడుకు జ్ఞాపకంగా 1670లో కట్టించిన రాణీ పోఖరీ కొలను మాత్రం నేటికీ ఉంది.

నవ్వించే ఆచారం తర్వాత మరో పనికి వచ్చింది. రాజకీయ పార్టీలను నిషేధించిన పంచాయతీ వ్యవస్థ 1990 వరకు సాగింది. ఆ కాలంలో ఏలికలను బహిరంగంగా ఎగతాళి చేయడానికి ఈ పండుగే వీలిచ్చింది.

2015 ఏప్రిల్ 25 నాటి భూకంపం నేపాల్‌లో దాదాపు 9000 మందిని బలిగొంది. ఈ అంకెను మీరు పుస్తకంలో చదువుతారు. ఆ శ్రావణంలో నేపాలీయులు దాన్ని వీధిలో, పిల్లల వరుసగా చూశారు. తమ ఇంటి దుఃఖం ఎన్ని ఇళ్లదో అక్కడే తెలుసుకున్నారు.