పక్షవాతానికి రెండు వైద్యాలు: చైనా చరిత్ర చెప్పే పాఠం

‘పక్షవాతం’ అనే మన మాటలోనే వాతం, అనగా వాయువు, ఉన్నది. చైనా భాషలోనూ ఈ వ్యాధి పేరు ‘జోంగ్‌ఫెంగ్’. గాలి దెబ్బ అని దాని అర్థం. రెండు ప్రాచీన వైద్యాలూ మెదడును కాక గాలినే కారణంగా ఎంచాయి.

ఈ భావనను చైనాలో గట్టిగా ప్రశ్నించిన వైద్యుడు వాంగ్ ఛింగ్‌రెన్. అంటువ్యాధితో మరణించిన పిల్లల శవాలను ఆయన స్వయంగా పరిశీలించాడు. తెలివి, జ్ఞాపకం గుండెలో కాదు, మెదడులో ఉంటాయని 1830 నాటి గ్రంథంలో వ్రాశాడు. అయినప్పటికీ, ప్రాణశక్తి సగం తరిగితే సగం దేహం చచ్చుబడుతుందని ఊహించి, ఏడు ద్రవ్యాల కషాయాన్ని రూపొందించాడు. కుసుమ పువ్వులు, వానపాములు కూడా కలిసిన ఆ కషాయం నేటికీ అక్కడ వాడుకలో ఉంది.

తరువాత జాంగ్ షీచున్ పాశ్చాత్య వైద్యాన్ని తోడు తెచ్చుకున్నాడు. జ్వరానికి ఆస్పిరిన్‌ను జిప్సంతో కలిపి ఇచ్చినవాడు ఆయనే. 1929లో సంప్రదాయ వైద్యాన్ని రద్దు చేయాలనే ప్రతిపాదన వచ్చినా, వైద్యుల నిరసనతో అది ఆగిపోయింది. 1950ల నుండి కొత్త ప్రభుత్వం రెండింటి కలయికను విధానంగా స్వీకరించింది.

ఆ కలయికకు చక్కని ఉదాహరణ తల చర్మంపై చేసే ఆక్యుపంక్చర్. 1870లో ఫ్రిట్ష్, హిట్సిగ్ అనే జర్మన్ శాస్త్రజ్ఞులు కుక్క మెదడులో కదలికలను నడిపే ప్రాంతాన్ని గుర్తించారు. 1970లలో జియావో షున్‌ఫా అటువంటి మెదడు పటాన్నే ఆధారం చేసుకొని, ఆ ప్రాంతాలకు పైనున్న తల చర్మంలో సూదులు గుచ్చే పద్ధతిని ప్రచారంలోకి తెచ్చాడు. సూది ప్రాచీనం, పటం ఆధునికం.

మరి ఫలితాలు? ఒక చైనా మూలికా ఔషధాన్ని ఆసియాలో సుమారు 1100 మంది రోగులపై పరీక్షించగా, మూడు నెలలకు స్పష్టమైన మేలు కనబడలేదని 2013లో వెల్లడైంది. మెదడులో రక్తస్రావమైన 1600 మందికి పైగా రోగులపై చైనా వైద్యులే మరొక కషాయాన్ని పరీక్షించారు. 2024లో వెలువడిన ఆ ఫలితమూ అదే. ఆక్యుపంక్చర్ కొంత ఉపకరించవచ్చుననే సూచనలున్నా, అధ్యయనాలలో అధికభాగం నాణ్యత తక్కువ. తమ సంప్రదాయాన్ని తామే పరీక్షకు నిలిపి, ప్రతికూల ఫలితాన్ని దాచకుండా ప్రకటించడం ఈ చరిత్రలో మెచ్చదగిన ఘట్టం.

మన ఊళ్లలోనూ మూతి వంకర పోగానే పసరు మందుకు పరుగెత్తేవారున్నారు. రక్తపు గడ్డను కరిగించే ఇంజెక్షన్ సాధారణంగా తొలి నాలుగున్నర గంటలలోనే ఇవ్వాలి. ముందుగా స్కానింగ్ ఉన్న ఆసుపత్రికి చేరండి. చేయి, కాలు తిరిగి పనిచేయడానికి ఫిజియోథెరపీ అభ్యాసమే ప్రధానం. దానికి తోడుగా సూది వైద్యం కోరితే మీ వైద్యునితో చర్చించండి. రక్తం పలుచబడే మందులు వాడుతున్నవారు మూలికలను చెప్పకుండా తీసుకోరాదు. ఏ వైద్యాన్ని జోడించినా, మొదటి చికిత్సను మాత్రం మానకండి.