నడిమి చుక్క

తొర్రూరులో పెళ్ళిళ్ళు తీసే కుర్రాళ్ళు నన్ను తరచుగా అడిగే ప్రశ్న ఒకటుంది. “అన్నా, ఈ ఫ్లాష్ నా కెమెరాకు సెట్టయితదా?” ఆ ఫ్లాష్ చాలాసార్లు రెండు మూడు చేతులు మారి వచ్చిన పాతదే అయివుంటుంది. అడిగేది కొనుగోలు గురించే అయినా, జవాబు చెప్పాలంటే చరిత్రలోకి వెళ్ళక తప్పదు.

మొదట్లో ఈ ప్రశ్నే లేదు. 1887లో జర్మనీలో అడాల్ఫ్ మీథె, యోహానెస్ గేడికె అనే ఇద్దరు మెగ్నీషియం పొడిలో పొటాషియం క్లోరేటు, ఆంటిమొనీ సల్ఫైడు కలిపి ఫ్లాష్ పౌడర్ తయారుచేశారు. ఇక్కడ రాజా దీన్‌దయాళ్ నిజాం రాజ్యంలో ఫొటోలు తీస్తున్న కాలమది. లెన్సు మూత తీయడం, పొడి అంటించడం, మళ్ళీ మూత పెట్టడం. కెమెరాకీ మంటకీ మధ్య తీగ లేదు, ఉన్నది మనిషే. పొగ, కాలిన చేతులు మామూలు. 1929లో జర్మనీలోనే ఫ్లాష్ బల్బు వచ్చింది. పొగ పోయింది గానీ ఒక్కో ఫొటోకి ఒక్కో బల్బు. 1930లలో అమెరికాలోని ఎంఐటీలో హెరాల్డ్ ఎడ్జర్టన్, కెపాసిటర్‌లో నింపిన విద్యుత్తును గ్యాసు గొట్టంలోకి ఒక్కసారిగా వదిలి, మళ్ళీ మళ్ళీ వెలిగే ఫ్లాష్‌కి దారి వేశాడు.

ఆ మెరుపు షట్టర్ తెరుచుకున్న క్షణంలోనే రావాలి. అందుకు మొదట తీగ వాడారు. తర్వాత కెమెరా నెత్తిన పట్టా, దాని నడుమ ఒక లోహపు చుక్క వచ్చాయి. దీన్నే హాట్ షూ అంటాం. చుక్కకీ పట్టా అంచుకీ మధ్య సర్క్యూట్ కలిస్తే ఫ్లాష్ వెలుగుతుంది, అంతే. ఐఎస్ఓ 518 ఈ పట్టా కొలతలను ప్రమాణం చేసింది. ఏ కంపెనీ ఫ్లాష్‌నైనా ఇంకో కంపెనీ కెమెరా మీద పెట్టి వెలిగించవచ్చన్న మాట. దొరికిన సామానుతో పని నడుపుకునే చిన్న ఊళ్ళ స్టూడియోలకి ఇది పెద్ద ఆసరా.

ఆ పొత్తు మెల్లగా బీటలు వారింది. మొదటి బీట వోల్టేజీ. పాత వివిటార్ 283 ఫ్లాషులు కొన్నిటిలో చుక్క దగ్గర 200 వోల్టులు దాటేవి. ఫిల్మ్ కెమెరాలో ఉన్నది ఉత్త లోహపు స్విచ్చు, తట్టుకునేది. డిజిటల్ కెమెరాలో ఉన్నది సున్నితమైన ఎలక్ట్రానిక్స్. నికాన్ చాలా కెమెరాలకి 250 వోల్టుల హద్దు పెట్టింది. కొన్ని తొలి డిజిటల్ కెమెరాలకైతే 6 వోల్టులే హద్దు. అందుకే పాత ఫ్లాష్ కొనేముందు దాన్ని ఛార్జ్ చేసి, చుక్కకీ అంచుకీ మధ్య మల్టీమీటర్ పెట్టి చూడమంటాను.

రెండో బీట టీటీఎల్. 1975లో ఒలింపస్ ఓఎం-2, ఫిల్మ్ మీదినుంచి తిరిగొచ్చే వెలుతురును కొలిచి ఫ్లాష్‌ని తగిన సమయంలో ఆపేసింది. ఈ సంభాషణకి చుక్క ఒక్కటే చాలదు. పక్కన మరిన్ని చుక్కలు వచ్చాయి, వాటి భాష ఒక్కో కంపెనీది ఒక్కోటి. పైగా డిజిటల్ సెన్సర్ ఫిల్మ్‌లా వెలుతురును తిప్పి పంపదు. కాబట్టి ముందో చిన్న మెరుపు మెరిపించి కొలిచే పద్ధతులు స్థిరపడ్డాయి. కానన్ ఇ-టీటీఎల్ 1995లో, నికాన్ ఐ-టీటీఎల్ 2003లో వచ్చాయి. ఫిల్మ్ కాలపు కానన్ ఫ్లాష్ ఇవాళ్టి కానన్ మీద బిగుస్తుంది గానీ, ఆ భాష దానికి అర్థం కాదు. మినోల్టా అయితే 1988లో పట్టా ఆకారాన్నే మార్చేసింది. దాని వారసురాలు సోనీ 2012లో మళ్ళీ మార్చింది.

ఇన్ని జరిగినా నడిమి చుక్క మాత్రం మిగిలింది. మిగతా తెలివితేటలు పోయినా, పవర్ చేత్తో తిప్పుకుని ఫొటో తీయొచ్చు. 2018లో కానన్ 1500డి, 3000డి కెమెరాల్లో ఆ చుక్కనే తీసేసింది. మరుసటి ఏడు 200డి మార్క్ 2లోనూ అంతే. తీసింది ఖరీదైన కెమెరాల్లో కాదు. తొర్రూరు లాంటి చోట కొత్తగా పని మొదలుపెట్టే కుర్రాడి చేతికి మొదట అందే కెమెరాల్లో! చుక్క ఒక్కటే ఉన్న చవక మాన్యువల్ ఫ్లాష్ వాటి మీద కూర్చుంటుంది, వెలగదు. పుస్తె కట్టే క్షణం రెండోసారి రాదు. రాత్రి బరాత్‌లో వెలుగు ఎవరి కోసమూ ఆగదు. పెళ్ళిలో ఫ్లాష్ మొరాయిస్తే పోయేది ఒక ఫొటో కాదు, ఆ ఊళ్ళో రాబోయే బేరాలు.

దారి లేకపోలేదు. కానన్ భాష తెలిసిన ఇ-టీటీఎల్ ఫ్లాష్ తీసుకోవాలి. లేదా ఈ మోడళ్ళ పేరు చెప్పి మరీ పనిచేస్తుందన్న ట్రిగ్గర్ వెతకాలి. అదీ కుదరకపోతే ఫ్లాష్‌ని పక్కన స్టాండు మీద ఎస్2 మోడ్‌లో పెట్టి, కెమెరాలోని చిన్న ఫ్లాష్‌తో వెలిగించాలి. ముందు మెరుపును ఎస్2 పట్టించుకోదు, అసలు మెరుపుకే స్పందిస్తుంది.

కొనేముందు ధర కన్నా ముందు నేను చూడమనేది కెమెరా నెత్తినున్న ఆ పట్టానే. చుక్క ఉందా, ఎన్ని వోల్టుల దాకా ఓర్చుకుంటుంది, ఏ భాష మాట్లాడుతుంది? ఈ మూడూ తేలాకే డబ్బులు లెక్కపెట్టాలి.