కాదన్న కాగితం

మా అత్తగారి ఊరు జగిత్యాల దగ్గర. ఆమె కాలంలో దుబాయి పోయినవాళ్ల భార్యలకు వీసా అన్న ఆలోచనే లేదు. కూలీ జీతానికి కుటుంబాన్ని తీసుకుపోనివ్వరు. రెండేళ్లకోసారి సెలవు, మధ్యలో క్యాసెట్‌లో రికార్డు చేసి పంపిన మాటలు. అడగనే లేదు కాబట్టి కాదన్న కాగితమూ రాలేదు.

మా చెల్లెకు 2020 ఫిబ్రవరిలో పెళ్లయింది. మరిది హెచ్‌1బీ మీద అమెరికాలో. మార్చిలో కరోనాతో ఇక్కడ వీసా ఇంటర్వ్యూలు ఆగిపోయాయి. జూన్ 22న ట్రంప్ ఉత్తర్వు: హెచ్‌1బీతోపాటు భార్యలకిచ్చే హెచ్‌4 కూడా ఏడాది చివరిదాకా బంద్. కొన్ని వారాలకు, భర్త అక్కడే ఉంటే భార్యకు ఇవ్వొచ్చన్నారు. ఇవ్వొచ్చు సరే, ఇంటర్వ్యూ తేదీ ఏది? ఆ ఉత్తర్వు 2021 మార్చి 31తో ముగిసిందని సంతోషించేలోపే మే 4 నుంచి బైడెన్ ఉత్తర్వు, ఇండియా నుంచి వచ్చేవాళ్ల మీద. అది నవంబరు 8 దాకా నడిచింది. చెల్లె విమానమెక్కింది డిసెంబరులో.

మొదటి ఏడు బతుకమ్మకు మా ఇంటికొచ్చి, గడప దాటలేదు. ఎవరెదురైనా "ఎప్పుడు పోతున్నవ్ బిడ్డా?" అనేవాళ్లే. చివరికి అత్తమ్మే వాకిట్లోకి పోయి చెప్పింది: "పిలిచిన్నాడు పోతది. మామ దుబాయిల ఉంటె నేను పదహారేండ్లు చూసిన. నన్నెవరన్న అడిగిన్రా?"