సంచిలో పెరిగిన పులికూన

టాస్మేనియా పులి యనగానే మన కన్నులకు చారల బెబ్బులి గోచరించుట సహజము. కాని ఆస్ట్రేలియాకు దక్షిణముననున్న టాస్మేనియా ద్వీపమున ఆ పేరు వహించిన మృగము పులిజాతికి చెందినది కాదు. చూపునకది కుక్క, వీపుపై మాత్రము పులిచారలు, పుట్టుకచే కంగారువలె కడుపుసంచిలో బిడ్డలను పెంచు ప్రాణి. శాస్త్రజ్ఞులు దీనికి థైలసీన్ అని పేరిడిరి. గ్రీకు భాషలో థైలకోస్ అనగా సంచియే.

తల్లి యొక ఈతలో మిక్కిలిగా నాలుగు కూనలను పెంచగలిగెడిది. ఏలన, సంచిలోని చనుమొనలు నాలుగే. ఆ సంచి నోరు కంగారు సంచికివలె ముందునకు గాక వెనుకకు తెరచియుండెడిది. మగమృగమునకు సైతము మర్మాంగములను కాపాడు సంచివంటి మడత యుండుట మరియొక విశేషము.

కనులు తెరవని, రోమములు మొలవని కూన పుట్టినతోడనే ప్రాకి సంచిలో చేరి చనుమొనను పట్టుకొనెడిది. ప్రదర్శనశాలలలో భద్రపరచిన కూనలను శాస్త్రజ్ఞులు ఎక్స్‌రే కిరణములతో పరీక్షించి, 2018లో ఫలితములను ప్రకటించిరి. తొలినాళ్ళలో ఆ కూనలు తక్కిన సంచిజంతువుల శిశువులవలెనే యుండి, సంచి విడుచునాటికి కుక్కపిల్ల రూపము దాల్చెనని తేలినది. సంచిలో ఇమడనంత పెరిగిన పిల్లలను తల్లి పొదల మాటున దాచి వేటకు పోయెడిది.

ఇంత మక్కువతో సాకిన వంశమును మనుష్యుడు రూపుమాపెను. గొఱ్ఱెలను చంపుచున్నదను నెపమున టాస్మేనియా ప్రభుత్వము 1888 మొదలు 1909 వరకు దీని తలకు వెల కట్టినది. పెద్దదానికి ఒక పౌను, కూనకు పది షిల్లింగులు. ఇట్లు చెల్లించిన బహుమానములు 2,180కి మించినవి. ఒక తల్లి కూలినచో సంచిలోని కూనలును ఆమెతోడనే పోయెడివి. జంతుశాలలలోనైన వంశము నిలుచునా యన్న, బంధనములో ఇది ఈనినది ఒక్కమారే. అది 1899లో మెల్బోర్న్ నగరమున.

1936 జూలై 10వ తేదీన ప్రభుత్వము రక్షణశాసనము చేసినది. సరిగా ఏబదితొమ్మిది దినములకు, సెప్టెంబరు 7న, హోబార్ట్ జంతుశాలలో కట్టకడపటి మృగము కన్నుమూసినది.

సారాయములో నిలువచేసిన యొక సంచికూన దేహమునుండి శాస్త్రజ్ఞులు ఈ జాతి వంశలిపిని చదివి 2017లో వెల్లడించిరి. ఒకనాడు పది షిల్లింగులకు తూగిన కూన నేడు వెలకట్టరాని నిధియైనది. ప్రాణమున్ననాడే దాని విలువ నెరిగినచో, శాసనము ఏబదితొమ్మిది దినములు గాక ఏబదేండ్లు ముందు వచ్చియుండెడిది గదా!